డబ్బిచ్చి ఎక్కిన ఒంటె, దాన్ని నడిపిన మనిషితో స్నేహం: మీరేమంటారు?

అలిపిరి వాసి:
మొరాకోలో మెర్జూగా ఊరి పక్కన ఎర్గ్ చెబ్బి ఇసుక దిబ్బల్లో ఒంటె ఎక్కి తిరిగొచ్చినాను. ఫోటోలు చూసి మన తిరుపతి ఫ్రెండ్సే రెండు మాటలు అన్నారు. నోరులేని జీవి మీద ఎక్కడం పాపమంట. ఒంటె నడిపినాయన్ని నేను ఫ్రెండు అనడం ఉత్తమాటంట, డబ్బులిచ్చినాను కాబట్టి నవ్వినాడంట. రెండూ ఒప్పుకోను.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు ఎత్తుతుంది, ఎక్కినోళ్లు ముందుకి తూలిపోతారు. వెనక్కి వాలమని ఆయన ముందే సైగ చేసి, నా చెయ్యి పట్టుకున్నాడు. రాత్రి గుడారం కాడ పుదీనా టీ పోస్తా, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పినాడు. మా అమ్మ మోకాళ్ల పర్వతం కాడ కూర్చుండిపోయి, అయినా పైదాకా నడిచే వెళ్లిన సంగతి నేను చెప్పినాను. ఇప్పటికీ వాట్సాప్‌లో ముందు అమ్మ ఎట్లుందనే అడుగుతాడు. ఇందులో బేరమేముంది?

పీలేరు పిల్లోడు:
అన్నా, మా చిన్నాయన కువైట్‌లో ఒంటెలు కాసినాడు. ఇంటిపని అని ఏజెంటు చెప్పినాడు, దిగినాక తీసకపోయి ఎడారిలో వదిలినారు. పాస్‌పోర్టు యజమాని కాడ. ఎండాకాలం అక్కడ 50 డిగ్రీల దాకా పోతుంది. ఒంటె ఒంట్లో వేడి 34 నుంచి 40 డిగ్రీల దాకా మారినా దానికేం కాదు, మనిషి అట్ల కాదు కదా. మీ ఫోటోలో మీరు పైన ఉండారు, ఆయన తాడు పట్టుకోని ఇసకలో నడస్తా ఉండాడు. నాకు మా చిన్నాయనే కనపడినాడు. ఆయనకి జీతమెంతో అడిగినారా?

పశువైద్య విద్యార్థిని, తిరుపతి:
ఒంటె సంగతి నేను చెప్తాను. లేచేటప్పుడు అరిచినంత మాత్రాన నొప్పి అనుకోవద్దు, చాలా ఒంటెలు అలవాటుగా అరుస్తాయి. చూడాల్సింది జీను కింద పుండ్లు, తాడు ఒరుసుకున్న చోట గాయాలు, నీడ, నీళ్లు. ఇవి చూడకుండా ఎక్కితే తప్పే.

కానీ ఎక్కడమే మానేస్తే ఒంటె సుఖపడుతుందంటే నమ్మను. మన దేశంలో 2012 పశుగణనలో దాదాపు 4 లక్షల ఒంటెలుంటే, 2019కి 2.5 లక్షలే మిగిలాయి. ట్రాక్టర్లు, రోడ్లు వచ్చాక వాటికి పని పోయింది, మేత బీళ్లు తగ్గాయి. రాజస్థాన్ 2015లో వధ నిషేధిస్తూ చట్టం తెచ్చినా మేపేవాళ్లకి గిట్టుబాటు కాలేదు.

చిత్తూరు అక్క:
మనకు పనికొస్తేనే బతకనిస్తామనే లెక్క నాకు నచ్చలేదమ్మా. పాలు అమ్ముకునే దారి ఉంది కదా, దాన్ని పెంచండి.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి:
పాలకి మార్కెట్ వచ్చేదాకా మేపేదెవరక్కా? పద్ధతులు మారతాయి. ఒంటె పందేల్లో చిన్నపిల్లల్ని ఎక్కించడాన్ని యూఏఈ 2005లో నిషేధించింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్ నుంచి తెచ్చిన పిల్లలు వాళ్లు. ఇప్పుడు రిమోట్‌తో నడిచే రోబోలు కూర్చుంటున్నాయి. పందెం ఆగలేదు, పిల్లలు బయటపడ్డారు.

అలిపిరి వాసి:
పీలేరు తమ్ముడా, జీతం అడిగినాను. ఒంటెలు ఆయనవి కావు, హోటలు ఓనరువి. ట్రిప్పుకింత అని ఇస్తారు, ఎండాకాలం టూరిస్టులు తగ్గితే ఆదాయమూ తగ్గుతుంది. అందుకే నా వెనక వెళ్లే మనోళ్లకి నేరుగా ఆయన నంబరే ఇస్తా ఉండాను. మీ చిన్నాయన పడిన కష్టం చిన్నది కాదు. అయితే అది పాస్‌పోర్టు లాక్కున్నోడి పాపం. ఈయన సొంతూర్లో, రాత్రికి ఇంటికిపోయే మనిషి.

పీలేరు పిల్లోడు:
ఆ తేడా ఒప్పుకుంటా. కానీ మీరు వాళ్లింటి కాడికి పోగలిగినారు, ఆయన మీ ఇంటికి రాగలడా? తిరుపతికొచ్చి మీ అమ్మ చేతి సంగటి తిన్న రోజు నేనూ స్నేహమనే అంటా.

అలిపిరి వాసి:
వీసా, టికెట్టు ఖర్చు ఆయనకి భారమే. టికెట్టు నేను తీస్తానని చెప్పినాను. కొండకి కూడా వస్తానన్నాడు, మెట్లదారినే. వీసా కాగితాలకి ఏమేం కావాలో తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే ఇక్కడే రాయండి.