తప్పు చేసిన ఆటగాడికి మళ్లీ చోటివ్వాలా?

కావలి కుర్రాడు: నిన్న సాయంత్రం మా గ్రౌండ్‌లో దీని మీదే గొడవ. 2010లో లార్డ్స్‌లో డబ్బు కోసం నోబాల్స్ వేసిన పాకిస్తాన్ బౌలర్ ఆమిర్, 5 ఏళ్ల నిషేధం తర్వాత తిరిగొచ్చి 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మన రోహిత్‌నీ, కోహ్లినీ, ధావన్‌నీ ఔట్ చేశాడు. అలాంటివాడికి మళ్లీ బంతి ఇవ్వొచ్చా?

ఒంగోలు అన్న: ఇవ్వొచ్చు తమ్ముడూ. అప్పుడతనికి 18 ఏళ్లే, జైలుకీ వెళ్లొచ్చాడు. ఆస్ట్రేలియా వార్నర్‌ని చూడు, 2018లో కేప్‌టౌన్‌లో బంతిని శాండ్‌పేపర్‌తో గీకిన గొడవలో ఏడాది నిషేధం పడింది, 2019లో సన్‌రైజర్స్‌కి 692 పరుగులు కొడితే మనమే నెత్తిన పెట్టుకున్నాం కదా.

నెల్లూరు లాంగాన్: రెండూ ఒకటెలా అవుతాయన్నా? బంతి గీకింది గెలవడానికి, ఫిక్సింగ్ అంటే చూసేవాళ్ల నమ్మకాన్ని అమ్మేయడం. మా వీధి టోర్నీలో ఒకడు డబ్బు తీసుకుని క్యాచ్ వదిలేశాడు, బంతి అరచేతిలో పడ్డాక వేళ్లు విప్పేయడం కళ్లారా చూశా. ఇప్పటికీ ఎవరు క్యాచ్ వదిలినా నాకు అనుమానమే.

కందుకూరు: ఆడనివ్వండి, కెప్టెన్సీ మాత్రం వద్దు. అదే ఆడపిల్ల మీద చెయ్యి చేసుకున్నవాడైతే ముందు ఆ అమ్మాయికి న్యాయం జరగాలి, వాడి ఆట సంగతి తర్వాత.