కొనుగోళ్లు–స్టోర్స్ విభాగానికి సిస్టమ్ అనాలిసిస్: డీఎఫ్‌డీని ఎవరూ తప్పు పట్టలేదు, నమ్మొచ్చా?

ప్రశ్న – స్టోర్స్‌పద్దు

అందరికీ నమస్కారం. ఒక మధ్యస్థాయి తయారీ సంస్థలో కొనుగోళ్లు, స్టోర్స్ పనికి అనాలిసిస్ చేసి కొత్త సిస్టమ్ డిజైన్ ఇవ్వాలి. ఇప్పుడు పని సగం రిజిస్టర్లలో, సగం ఎక్సెల్ షీట్లలో నడుస్తోంది. వరస ఇది: విభాగం నుంచి ఇండెంట్ (కావాల్సిన సామాను కోరే పత్రం), కొటేషన్లు, పర్చేజ్ ఆర్డర్, సరుకు రావడం, జీఆర్‌ఎన్ (వచ్చిన సరుకుకు రసీదు) రాయడం, బిల్లు తనిఖీ, చెల్లింపు.

విభాగాల పెద్దలతో ఇంటర్వ్యూలు అయ్యాయి. కాంటెక్స్ట్ డయాగ్రమ్ (సిస్టమ్ మొత్తాన్ని ఒకే ప్రాసెస్‌గా చూపే బొమ్మ), దాన్ని విడగొట్టిన లెవెల్ 1 డీఎఫ్‌డీ (డేటా ఫ్లో డయాగ్రమ్, సమాచారం ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మ) గీసి చూపిస్తే అందరూ బాగుందన్నారు. ఒక్కరూ తప్పు పట్టలేదు, అదే నా అనుమానం.

లెవెల్ 1లో ఐదు ప్రాసెస్‌లు: 1.0 ఇండెంట్ పరిశీలన, 2.0 కొటేషన్లు, 3.0 ఆర్డర్, 4.0 సరుకు స్వీకరణ, 5.0 బిల్లు తనిఖీ. సప్లయర్ నుంచి 4.0కి "సరుకు" అని ఒక బాణం, అక్కడి నుంచి డీ1 స్టాక్ అనే డేటా స్టోర్‌కు (సమాచారం నిల్వ ఉండే చోటు) ఇంకో బాణం. 5.0కి బిల్లు సప్లయర్ నుంచి, ఆర్డర్ వివరాలు డీ3 ఆర్డర్ల డేటా స్టోర్ నుంచి వస్తాయి. చెల్లింపు సిఫార్సు అకౌంట్స్‌కు పోతుంది.

అడగాల్సినవి:
1. డీఎఫ్‌డీ పూర్తయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?
2. ఈఆర్ డయాగ్రమ్‌లో (డేటా టేబుళ్ల మధ్య సంబంధాలు చూపే బొమ్మ) ఆర్డర్‌కూ బిల్లుకూ ఒకటికి ఒకటి సంబంధం పెట్టాను. సరేనా?
3. పాత ఫైళ్లు ఎన్ని తిరగేయాలి?
4. కొత్త సిస్టమ్‌కు ఒకేసారి మారిపోవచ్చా?

---

జవాబు – బాణంగుర్తు

పెద్దలు తప్పు పట్టకపోవడంలో వింతేమీ లేదు. వాళ్లు చెప్పింది నియమం, మీరు గీసింది ఆ నియమం, చూపించింది మళ్లీ వాళ్లకే. ఈ బొమ్మను స్టోర్స్ గుమాస్తాకు, గేటు దగ్గర ఎంట్రీ రాసే మనిషికి, బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ అసిస్టెంట్‌కు చూపించాలి.

మీరు రాసినంతలోనే రెండు కన్నాలు కనిపిస్తున్నాయి.

మొదటిది 4.0. దానికి డీ3 ఆర్డర్ల నుంచి బాణం లేదు. లారీలో వచ్చింది మనం ఆర్డర్ పెట్టిందేనా, ఎంత పెట్టాం అన్నది ఆ ప్రాసెస్‌కు ఎలా తెలుస్తుంది? లోపలికి వచ్చే సమాచారంతో బయటికి పోయేది తయారవదంటే ఎక్కడో ఒక ఇన్‌పుట్ తప్పిపోయిందన్నమాట. పుస్తకాల్లో దీన్నే గ్రే హోల్ అంటారు. ఇన్‌పుట్ ఉండి అవుట్‌పుట్ లేకపోతే బ్లాక్ హోల్, అవుట్‌పుట్ ఉండి ఇన్‌పుట్ లేకపోతే మిరకిల్. తర్వాతి రెండూ చూడగానే తెలిసిపోతాయి. గ్రే హోల్ అలా దొరకదు, అవుట్‌పుట్‌లోని ఒక్కో గడినీ పట్టుకుని "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగాలి. మీ జీఆర్‌ఎన్ ఫారం ముందు పెట్టుకుని, ఆర్డర్ నంబరు, ఆర్డర్ పరిమాణం, చలానా పరిమాణం, అంగీకరించినది, తిరస్కరించినది అన్న ఒక్కో కాలమ్‌కూ మూలం వెతకండి.

రెండోది 5.0. బిల్లును ఆర్డర్‌తో మాత్రమే పోలుస్తున్నారు, జీఆర్‌ఎన్‌తో కాదు. ఈ డిజైన్ ఇలాగే కోడ్‌గా మారితే రాని సరుకుకూ డబ్బు పోతుంది. ఆర్డర్, జీఆర్‌ఎన్, బిల్లు మూడూ సరిపోలాలి. అంటే జీఆర్‌ఎన్‌కు విడిగా ఒక డేటా స్టోర్ ఉండాలి: 4.0 అందులో రాస్తుంది, 5.0 చదువుతుంది.

ఇంకో చిన్న సంగతి. "సరుకు" అన్న బాణం తీసేసి "డెలివరీ చలానా" అని రాయండి. డీఎఫ్‌డీలో కదిలేది సమాచారం, సామాను కాదు. నాణ్యతలో తప్పిన సరుకు తిరిగి పోయేటప్పుడు వెంట వెళ్లే రిజెక్షన్ నోట్ కూడా ఎక్కడా లేదు.

4.0ను లెవెల్ 2లో విడగొట్టినప్పుడు లెవెల్ 1లో దానికి తగిలే బాణాలన్నీ అక్కడా ఉండాలి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా బ్యాలెన్స్ తప్పినట్టే. స్టోర్ నుంచి స్టోర్‌కు నేరుగా బాణం గీయకూడదు, మధ్యలో ప్రాసెస్ ఉండాల్సిందే. గుర్తుల విషయంలో డీమార్కో వృత్తాలు వాడినా, గేన్–సార్సన్ గుండ్రటి మూలల పెట్టెలు వాడినా తేడా లేదు, రెండూ కలపకుండా ఉంటే చాలు.

గుమాస్తాతో కూర్చున్నప్పుడు "పని ఎలా చేస్తారు?" అని అడగొద్దు, మళ్లీ నియమమే వినిపిస్తుంది. రిజిస్టర్ తెరిపించి, ఏ కాలమ్ ఎప్పుడూ ఖాళీగా ఉంటోందో, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏం రాస్తున్నారో, సొరుగులో వేరే నోటుబుక్ ఏమైనా ఉందో చూడండి. ఖాళీ కాలమ్ అంటే ఎవరికీ అక్కర్లేని డేటా. పెన్సిల్ రాత ఫారంలో చోటు దొరకని డేటా. ఆ నోటుబుక్ అయితే మీ డీఎఫ్‌డీలో లేని డేటా స్టోరే. సాధారణంగా స్లిప్పు లేకుండా అరువుగా ఇచ్చిన పనిముట్లు, సామాన్లు అందులో ఉంటాయి. స్టాక్ లెక్క తేలకపోవడానికి సగం కారణం అక్కడే దొరుకుతుంది.

---

జవాబు – మూడోనార్మల్

రెండో ప్రశ్నకు: సరి కాదు. ఒక ఉదాహరణ నడిపి చూడండి.

ఆర్డర్ 100. మొదటి చలానాలో 60 వచ్చాయి, తనిఖీలో 5 పోయాయి, 55 తీసుకున్నారు. రెండో చలానాలో 40, అన్నీ బాగున్నాయి. సప్లయర్ పంపినదానికి బిల్లు వేస్తాడు కాబట్టి ఒక బిల్లు 60కి, ఇంకోటి 40కి వస్తాయి, లేదా రెండూ కలిపి 100కి ఒకే బిల్లు. మనం కట్టాల్సింది 95కే, మిగిలిన 5కి డెబిట్ నోట్ (బిల్లులో ఆ మేరకు కోత అని సప్లయర్‌కు పంపే పత్రం). పైగా ఒకే బిల్లులో రెండు మూడు ఆర్డర్ల సరుకు కలిపి వేసే సప్లయర్లూ ఉంటారు. ఇది అనేకానికి అనేకం, ఒకటికి ఒకటి ఎక్కడా నిలబడదు.

కాబట్టి సంబంధం హెడర్ల (పత్రం మొత్తానికి చెందిన వివరాలు) మధ్య కాదు, లైన్ల (ఒక్కో ఐటమ్ వరస) మధ్య పెట్టాలి. ఆర్డర్ లైన్‌కు అనేక జీఆర్‌ఎన్ లైన్లు, బిల్లు లైన్ ఒక జీఆర్‌ఎన్ లైన్‌ను చూపించాలి. అప్పుడు 55, 40 వేర్వేరుగా కనిపిస్తాయి, 95 అన్నది కూడితే వస్తుంది.

ఆర్డర్ లైన్‌కు కీ (ఒక్కో వరసను విడిగా గుర్తించే విలువ) ఏమిటన్నది తర్వాతి గొడవ. ఆర్డర్ నంబరు, ఐటమ్ కోడ్ కలిపి కీ పెట్టేస్తారు చాలామంది. ఒకే ఐటమ్ రెండు డెలివరీ తేదీలతో ఒకే ఆర్డర్‌లో వచ్చిన రోజున అది విరుగుతుంది. ఆర్డర్ నంబరు, లైన్ నంబరు కలిపి పెట్టండి. ఇప్పుడు ఐటమ్ వివరణ కూడా అదే టేబుల్‌లో ఉంటే, అది కీ మీద కాక ఐటమ్ కోడ్ మీద ఆధారపడుతోంది, మూడో నార్మల్ ఫారం (టేబుల్‌లోని వివరాలు కీ మీదే ఆధారపడాలి, ఇంకో వివరం మీద కాదన్న నియమం) తప్పినట్టు. వివరణను ఐటమ్ మాస్టర్‌కు (అన్ని ఐటమ్‌ల మూల జాబితా) పంపించేయాలి. ఆర్డర్ హెడర్‌లో సప్లయర్ ఫోన్ నంబరుదీ ఇదే కథ.

అలాగని ఇదే ఊపులో రేటును కూడా మాస్టర్‌కు తోసేయొద్దు. ఆర్డర్ లైన్‌లోని రేటు ఆ రోజు ఒప్పుకున్న రేటు, ఐటమ్ రేటు కాదు. మాస్టర్‌లో రేటు మార్చగానే నిరుటి ఆర్డర్ల విలువలన్నీ మారిపోయే సిస్టమ్‌లు ఇలాగే పుడతాయి.

యూనిట్లు కూడా చూడండి. పెట్టెల్లో కొంటారు, నగాల్లో ఇస్తారు. ఒక పెట్టెకు ఎన్ని నగాలన్నది ఆర్డర్ లైన్‌లోనే నిల్వ చేయాలి, ఎందుకంటే సప్లయర్ మారితే పెట్టె సైజు మారుతుంది.

---

జవాబు – నమూనా97

మూడో ప్రశ్నకు. సూత్రం ఉంది: నమూనా = p(1–p) × (z/e)². p అంటే ఫైళ్లలో తప్పుల వాటా, e అంటే పొరపాటు హద్దు, 95 శాతం నమ్మకానికి z విలువ 1.96. తప్పుల శాతం ముందే తెలియకపోతే p ని 0.5గా తీసుకుంటారు, అప్పుడు p(1–p) 0.25. పొరపాటు హద్దు 5 శాతమైతే సుమారు 384 ఫైళ్లు, 10 శాతానికి సుమారు 96. నిరుటి ఆడిట్‌లో తేడా బిల్లులు పదో వంతు ఉన్నాయని తెలిస్తే p = 0.1, అప్పుడు 5 శాతం హద్దుకు 139 సరిపోతాయి.

అయితే ఈ లెక్క "ఎంత శాతం?" అన్న ప్రశ్నకే. "ఏయే రకాల తేడాలున్నాయి?" అన్నదానికి పనికిరాదు. ఏడాదికి రెండు సార్లు వచ్చే కేసు యాదృచ్ఛిక నమూనాలో దాదాపు దొరకదు, సిస్టమ్‌ను ఆపేది మాత్రం అదే. అందుకే డెబిట్ నోట్లు, రద్దయిన ఆర్డర్లు, జీఆర్‌ఎన్ తేదీ తర్వాత ఆర్డర్ తేదీ ఉన్న ఫైళ్లు నమూనాతో పనిలేకుండా మొత్తం తీయండి. చివరి రకం అంటే సరుకు ముందొచ్చింది, ఆర్డర్ తర్వాత రాశారు. అత్యవసర కొనుగోలు. కొత్త సిస్టమ్ దాన్ని పూర్తిగా అడ్డుకుంటే జనం సిస్టమ్ బయట కొంటారు. వేరే ఆమోదంతో అనుమతించి, వాటి జాబితా నెలనెలా పై అధికారికి వెళ్లేలా చేయడం మేలు.

ఆ ఫైళ్లు చేతిలో ఉండగానే 5.0కి డెసిషన్ టేబుల్ రాసేయండి. మూడు షరతులు: ఆర్డర్ ఉందా, బిల్లు పరిమాణం అంగీకరించిన పరిమాణం లోపేనా, బిల్లు రేటు ఆర్డర్ రేటు లోపేనా. అవును–కాదు షరతులు మూడు కాబట్టి 8 నియమాలు. ఆర్డరే లేకపోతే మిగతా రెండూ చూడక్కర్లేదు, ఆ నాలుగూ ఒకటవుతాయి, మొత్తం 5.

| | 1 | 2 | 3 | 4 | 5 |
|---|---|---|---|---|---|
| ఆర్డర్ ఉందా | అవును | అవును | అవును | అవును | కాదు |
| పరిమాణం లోపేనా | అవును | కాదు | అవును | కాదు | – |
| రేటు లోపేనా | అవును | అవును | కాదు | కాదు | – |
| చర్య | పాస్ | అంగీకరించినంతకే పాస్, డెబిట్ నోట్ | కొనుగోళ్లకు వివరణ కోసం | ? | అత్యవసర ఆమోదానికి |

నాలుగో గడిలో ప్రశ్న గుర్తు కావాలనే ఉంచాను. దీన్ని అకౌంట్స్‌నూ కొనుగోళ్ల విభాగాన్నీ విడివిడిగా అడగండి. ఒకరు మొత్తం బిల్లు వెనక్కి పంపాలంటారు, ఇంకొకరు పరిమాణం సరిచేసి మిగతాది పాస్ చేయమంటారు. ఈ తేడాను ప్రోగ్రామర్ తీర్చకూడదు. రాతపూర్వకంగా నిర్ణయం తీసుకున్నాకే ముందుకు వెళ్లండి.

---

స్టోర్స్‌పద్దు

బాణంగుర్తు గారూ, మూడోనార్మల్ గారూ, నమూనా97 గారూ, చాలా ధన్యవాదాలు. 4.0, డీ3 మధ్య బాణం పెట్టగానే కొత్త చిక్కు వచ్చింది. పై ఉదాహరణలో ఆ మిగిలిన 5 ఎప్పటికీ రాకపోతే? ఆర్డర్‌ను ఎవరు మూస్తారు? ఇప్పుడు ఎవరూ మూయడం లేదు, రిజిస్టర్‌లో అలా పడి ఉంటోంది.

---

జవాబు – మూడోనార్మల్

కాగితం మీద అది పడి ఉన్నా ఎవరికీ నష్టం లేదు. సిస్టమ్‌లో ఉంది, ఎందుకంటే రీఆర్డర్ లెక్క (మళ్లీ ఆర్డర్ ఎప్పుడు పెట్టాలన్నది) రావాల్సిన సరుకును కూడా కలుపుకుంటుంది.

రోజు వాడకం 12, సరుకు రావడానికి 10 రోజులు, సేఫ్టీ స్టాక్ (ముందు జాగ్రత్తకు ఉంచే నిల్వ) 30 అనుకోండి. రీఆర్డర్ మట్టం 12 × 10 + 30 = 150. ఎన్నటికీ రాని పాత ఆర్డర్ల తోకలు కలిపి 40 ఉంటే, చేతిలో 110 మిగిలేదాకా సిస్టమ్ నోరు మెదపదు. అప్పుడు ఆర్డర్ పెట్టినా, సరుకు వచ్చేలోపు 120 కావాలి. సేఫ్టీ స్టాక్ మొత్తం పోయి, పైన ఇంకో 10 తక్కువ.

కాబట్టి ఆర్డర్ లైన్‌కు స్టేట్ డయాగ్రమ్ గీయండి: డ్రాఫ్ట్, ఆమోదం, పాక్షికం, పూర్తి, షార్ట్ క్లోజ్ (మిగతాది రాకుండానే మూసేయడం), రద్దు. పాక్షికం నుంచి షార్ట్ క్లోజ్‌కు మార్చే అధికారం కొనుగోళ్లకు ఇవ్వండి, స్టోర్స్‌కు కాదు. సప్లయర్‌తో మాట్లాడేది వాళ్లే. కారణం రాయకుండా మూయనివ్వొద్దు. డెలివరీ తేదీ దాటిన పాక్షిక లైన్ల జాబితా వారానికోసారి వాళ్ల ముందుకు రావాలి. డీఎఫ్‌డీలో కాలం కనిపించదు, అందుకే ఈ చిక్కు అక్కడ మీకు దొరకలేదు.

---

జవాబు – చలానా

మార్పిడి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఒకేసారి వద్దు. అలాగని మొత్తానికి పాత–కొత్త సమాంతరంగా నడపడం కూడా కాగితం మీద బాగుంటుంది గానీ, ఆచరణలో గుమాస్తా రోజంతా రిజిస్టర్‌లో రాసి సాయంత్రం అంతా సిస్టమ్‌లోకి ఎక్కిస్తాడు. అప్పుడు పరీక్షకు వచ్చేది అతని టైపింగ్ మాత్రమే. వచ్చే తేడాలు కూడా చాలావరకు ఆ ఆలస్యం వల్లే, ప్రోగ్రామ్ తప్పువల్ల కాదు. ఒక ఐటమ్ గ్రూపును, ఉదాహరణకు కన్స్యూమబుల్స్‌ను, పైలట్‌గా తీసుకుని దానికి మాత్రం రిజిస్టర్ మూసేయండి.

దానికంటే ముందు ఐటమ్ మాస్టర్ శుభ్రం చేయాలి. అసలు శ్రమ ఇక్కడే. ఎక్సెల్‌లో "బేరింగ్ 6205", "6205 బాల్ బేరింగ్", "బేరింగ్ 6205 జడ్‌జడ్" అని మూడు వరసలుంటాయి. మొదటి రెండూ బహుశా ఒకటే. మూడోది రెండు పక్కలా లోహపు షీల్డులున్న బేరింగ్, షీల్డులు లేని ఓపెన్ బేరింగ్ బదులు దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడలేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని స్క్రిప్టుతో కలిపేస్తే రెండు వేర్వేరు స్టాకులు ఒకటైపోతాయి. స్క్రిప్టు అనుమానాస్పద జంటల జాబితా ఇవ్వాలి, కలపాలా వద్దా అన్నది మెయింటెనెన్స్ మనిషి అరలో సామాను చూసి చెప్పాలి.

ఓపెనింగ్ స్టాక్‌ను రిజిస్టర్ నిల్వల నుంచి ఎత్తుకోవద్దు. ఒక తేదీ పెట్టి, ఆ రోజు ఇష్యూలు (స్టోర్స్ నుంచి సామాను ఇవ్వడం) ఆపి, లెక్కపెట్టి ఎక్కించండి. పెండింగ్ ఆర్డర్లలో రావాల్సిన మిగతా పరిమాణం మాత్రమే తేవాలి, షార్ట్ క్లోజ్ చేయాల్సినవి ముందే చేసేసి. సరుకు వచ్చి బిల్లు రాని జీఆర్‌ఎన్‌లు మరిచిపోతారు చాలామంది. అవి తేకపోతే మారిన మొదటి నెలలో వచ్చే బిల్లులన్నీ పై పట్టికలో ఐదో గడికి పోయి కూర్చుంటాయి, ఎందుకంటే ఆ ఆర్డర్లు అప్పటికే "పూర్తి" అయి కొత్త సిస్టమ్‌లోకి రాలేదు. వాటికి మాత్రం ఆర్డర్ లైన్, జీఆర్‌ఎన్ లైన్ రెండూ ఎక్కించండి. ఐదేళ్ల చరిత్ర అక్కర్లేదు, పాత ఎక్సెల్ షీట్లను మార్చడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే ఉంచితే చాలు.

కొత్త ఐటమ్ కోడ్ సృష్టించే హక్కు ఒక్కరికే, మహా అయితే ఇద్దరికి ఇవ్వండి. ఇండెంట్ స్క్రీన్‌లోనే కొత్త ఐటమ్ టైప్ చేసే వీలుంచితే ఆరు నెలల్లో మళ్లీ మూడు 6205లు తయారవుతాయి.