కాలం వచ్చిందా, వచ్చాడా?

2016లో విడుదలైన ‘ఆలిస్ త్రూ ద లుకింగ్ గ్లాస్’ సినిమాలో కాలం ఒక మనిషి. పెద్ద గడియారాల కోటలో ‘ఉంటుంది’ అనాలా, ‘ఉంటాడు’ అనాలా? ఈ కథను పిల్లలకు తెలుగులో చెప్పబోయేవారికి మొదటి వాక్యంలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. మన వ్యాకరణం మీద ఇంత మంచి వెలుగు ప్రసరించే ప్రశ్న అరుదుగా దొరుకుతుంది కనుక వివరంగా రాస్తున్నాను.

సినిమా పేరు లూయిస్ కరోల్ రెండో నవలది. 1871 చివర్లో వెలువడిన ఆ నవల నుంచి తెరకెక్కినవి కొన్నే. అద్దంలోంచి అవతలికి దాటడం, చదరంగం పావులు, హంప్టీ డంప్టీ గుర్తుకొస్తాయి. కాలం పాత్రకు బీజం మాత్రం 1865 నాటి మొదటి నవలలో, పిచ్చి తేనీటి విందు జరిగే ఏడో అధ్యాయంలో ఉంది. అక్కడి చిన్న సంభాషణ ఇక్కడ నిండు పాత్రగా ఎదిగింది. సాషా బారన్ కోహెన్ ఆ పాత్ర ధరించాడు.

నవలలో సందర్భం ఇది. జవాబు లేని పొడుపుకథలు అడిగి కాలాన్ని వృథా చేయడం దేనికని ఆలిస్ విసుక్కుంటుంది. విందులోని టోపీలవాడు (మ్యాడ్ హ్యాటర్) వెంటనే ఆమె సర్వనామాన్ని పట్టుకుంటాడు. కాలంతో నాకున్నంత పరిచయం నీకుంటే ‘ఇట్’ అనవు, ‘హిమ్’ అంటావు అని దిద్దుతాడు. ఇంగ్లీషులో ఆ చమత్కారమంతా ఒక్క అక్షరాల జంటలో ఉంది. నామవాచకం మారలేదు, క్రియ మారలేదు, సర్వనామం ఒక్కటే మారింది.

తెలుగులో సర్వనామం ఒంటరిగా మారదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పిన విభజన తెలిసిందే: స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు, మిగిలినవి అమహత్తులు. ‘అది’ పోయి ‘అతడు’ వస్తే ‘వచ్చింది’ పోయి ‘వచ్చాడు’ రావాలి. చాలాసార్లు నామవాచకం తోక కూడా మారాలి. ఒకే సూర్యబింబాన్ని చూసి ‘సూర్యుడు ఉదయించాడు’ అంటాం, ‘పొద్దు పొడిచింది’ అనీ అంటాం. వస్తువు ఒకటే, ఎంచుకున్న మాటను బట్టి అది వ్యక్తి అవుతుంది లేదా జడమవుతుంది. ‘సూర్యుడు పొడిచింది’ అన్నా, ‘పొద్దు ఉదయించాడు’ అన్నా చెవి ఒప్పుకోదు.

కాలం ఈ విషయంలో మరీ మొండిది. మనం దానికి మనుషుల పనులన్నీ అంటగట్టాం. కాలం కలిసి వస్తుంది, ఎదురు తిరుగుతుంది, పగబడుతుంది, కాటేస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. ఇన్ని చేసినా ఒక్కసారి కూడా ‘కాటేశాడు’ అనిపించుకోలేదు. పని మనిషిది, క్రియారూపం జడానిది. కాబట్టి టోపీలవాడు తెలుగులో ‘అది కాదు, అతడు అనాలి’ అని ఊరుకుంటే పిల్లలకు అర్థమవుతుంది, నవ్వు రాదు. ‘కాలం అతడు’ అన్న మాట గాలిలో తేలిపోతుంది.

మరి తోక మార్చి ‘కాలుడు’ అంటే? ఇక్కడే అసలు విషయం ఉంది. సంస్కృతంలో ‘కాలః’ పుంలింగమే. సమయానికీ అదే మాట, యముడికీ అదే మాట. ‘కాలో దండధరః శ్రాద్ధదేవో వైవస్వతోఽంతకః’ అంటూ సంస్కృత పదకోశమైన అమరకోశం యముడి పేర్ల వరుసలో దాన్ని చేర్చింది. తెలుగు ఆ ఒక్క మాటను రెండుగా చీల్చింది. దేవః అంటే దేవుడు, వృక్షః అంటే వృక్షము అయినట్టే, గడిచే కాలః కాలము అయింది, ప్రాణాలు తీసే కాలః కాలుడు అయ్యాడు. గీత పదకొండో అధ్యాయంలో ‘కాలోఽస్మి లోకక్షయకృత్ ప్రవృద్ధో’ (లోకాలను నశింపజేసే ‘కాలః’ను నేనే) అన్నప్పుడు సంస్కృతం రెండు అర్థాలనూ ఒకే పదంలో మోస్తుంది. తెలుగు చేసేవారు ‘కాలాన్ని’ అనాలో ‘కాలుణ్ణి’ అనాలో తేల్చుకోక తప్పదు. తేల్చుకున్న క్షణంలో సగం అర్థం జారిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుస్తకంలోని కాలానికి ‘కాలుడు’ పనికిరాదు, సినిమాలోని కాలానికి అంతకన్నా మంచి మాట లేదు.

పుస్తకంలో కాలం టోపీలవాడి పాత స్నేహితుడు. మంచిగా ఉంటే గడియారాన్ని మనకు నచ్చినట్టు తిప్పిపెట్టే రకం. ఒక మార్చి నెలలో తగాదా వచ్చింది, అప్పటినుంచి అలిగి గడియారాన్ని ఆరు గంటల దగ్గరే ఆపేశాడు. ఆ అలకలో మృత్యువు నీడ లేదు. ‘కాలుడు’ అనగానే పెద్దవాళ్లకు కాలయముడు, దున్నపోతు, పాశం కళ్ల ముందు నిలుస్తాయి. విందు కాస్తా విషాదమవుతుంది.

సినిమాలో అలా కాదు. కాలం కోటలో బతికున్నవారి జేబు గడియారాలు వేలాడుతుంటాయి. ఒకటి ఆగిపోతే దాన్ని తీసి, మూత మూసి, పోయినవారి గడియారాల చోట పెట్టడం అతని కొలువు. గుండె ఉండవలసిన చోట అతనికీ గడియార యంత్రమే ఉంది. ఆయువు లెక్క చూసేవాడు, లెక్క ముగిస్తే మూసేవాడు, పనిలో పక్షపాతం లేనివాడు. అమరకోశం యముణ్ణి ‘సమవర్తి’ అని కూడా అంటుంది, అందరిపట్లా సమానంగా ప్రవర్తించేవాడని. ఈ పాత్రకు ఇంకేం కావాలి? ‘కాలం చేశారు’, ‘కాలం తీరింది’ అనే మన నుడికారాలన్నీ ఆ గడియారాల గదికి సరిగ్గా అతుకుతాయి. మూలంలో లేని లోతు తెలుగు మాట వల్ల వస్తుంటే భయపడి వదులుకోవడం నాకు నచ్చదు.

ఇక పుస్తకానికి నేను ప్రతిపాదించే మాట ‘కాలంగారు’. తెలుగులో ‘గారు’ చేసే పని గొప్పది. నామవాచకాన్ని ముట్టుకోకుండానే దానికి మనిషి హోదా ఇస్తుంది, క్రియను ‘వచ్చారు’కు మారుస్తుంది. ‘కాలాన్ని వృథా చేయడమేమిటి? ముందు కాలంగారు అను. వారితో నాకున్నంత పరిచయం నీకుంటే అలా మాట్లాడవు.’ యముడు రాడు, నవ్వు వస్తుంది, దిద్దుబాటూ నిలుస్తుంది. అదనంగా ఇంకో సౌకర్యం ఉంది. ఇంగ్లీషు ‘హిమ్’లో గౌరవం కొలత లేదు. మనకు వాడు, అతడు, ఆయన, వారు అని మెట్లున్నాయి. స్నేహం నాటి మాటల్లో ‘ఆయన’, తగాదా తరువాత ఉక్రోషంలో ‘వాడు’ అనిపిస్తే టోపీలవాడి మనసు సర్వనామంలోనే వినపడుతుంది.

ఆ అధ్యాయంలోని మరో చమత్కారం. సంగీతం నేర్చుకునేటప్పుడు ‘కాలాన్ని కొడతాను’ అనే అర్థం వచ్చేలా ఆలిస్ మాట్లాడుతుంది; ఇంగ్లీషులో తాళం వేయడాన్ని అలాగే అంటారు. కొడితే కాలం ఊరుకుంటాడా అంటాడు టోపీలవాడు. తెలుగులో కొట్టడం పక్కన పెట్టండి. ‘పాట నేర్చుకునేటప్పుడు తాళం వేస్తాను’ అని ఆలిస్ అంటే, ‘అదీ సంగతి! తాళం వేసి బంధిస్తే కాలంగారు ఊరుకుంటారా?’ అనవచ్చు. తరువాత అతని పాట విని రాణి ‘కాలాన్ని హత్య చేస్తున్నాడు’ అని అరుస్తుంది. మనం పాటను ఖూనీ చేశాడంటాం. కర్ణాటక సంగీతంలో పాట వేగాన్ని చెప్పడానికి మొదటి కాలం, రెండో కాలం, కాలప్రమాణం అనే మాటలున్నాయి. ‘కాలాన్ని ఖూనీ చేస్తున్నాడు, తల తీసేయండి!’ అంటే రెండు అర్థాలూ చెక్కుచెదరకుండా దిగుతాయి.

ఇది చదివిన ఒక సభ్యురాలి స్పందన: పిల్లల కథ కదండీ, ‘కాలం తాత’ అంటే సరిపోదా? చందమామను మామ చేసుకున్న భాష మనది.

జవాబు: వరుస కలపడం మనకు సహజమేనండి, అందుకే ఆ మాట వినగానే తీయగా ఉంది. కానీ తాత అనగానే ఒడి, కథలు, ముద్దు గుర్తొస్తాయి. మనవడితో తగాదా పెట్టుకుని గడియారాన్ని ఆపేసే తాతను ఊహించడం కష్టం. సినిమాలోని కాలం అయితే తన గొప్ప తాను చెప్పుకునే అధికారి. అతనికి వరుసకన్నా హోదా ముఖ్యం.

మరో సభ్యుని స్పందన: సినిమాలో కాలానికి సేవకులుగా సెకన్లు ఉంటాయి. అవి కలిసి నిమిషాలవుతాయి, నిమిషాలు కలిసి గంట అవుతుంది. అక్కడ విఘడియలు, ఘడియలు, జాములు వాడవచ్చునా గురువుగారూ?

జవాబు: లెక్క ముచ్చటగా కుదురుతుంది. అరవై విఘడియలు ఒక ఘడియ. పైమెట్టుకు వస్తే జాముకు ఏడున్నర ఘడియలు, అక్కడ అరవై చెడుతుంది. పైగా విఘడియ అంటే 24 సెకన్లు, ఘడియ అంటే 24 నిమిషాలు. తెరమీద గంటల గడియారం తిరుగుతుండగా ఘడియ అనడం పిల్లలను తికమక పెడుతుంది. సెకను, నిమిషం, గంట ఉంచుకోవడమే మేలు. ‘నిమిషం’ అసలు అర్థం రెప్పపాటు అని మాత్రం చెప్పండి, ఆ సేవకుల చురుకుదనానికి అది బాగా నప్పుతుంది.

అదే సభ్యుడు: చివర్లో ఆలిస్ కాలంతోనే నేరుగా మాట్లాడుతుంది కదా, కాలం దొంగ అనుకున్నానని, తీసుకునే ముందు ఎంతో ఇస్తుందని ఇప్పుడు తెలిసిందని. అక్కడ ఏ రూపం?

జవాబు: అక్కడ చిక్కే లేదు. మన మధ్యమపురుషకు (నువ్వు, మీరు) మహత్తు, అమహత్తు అనే భేదం లేదు. ‘మీరు దొంగ అనుకున్నాను. తీసుకునే ముందు ఎంతో ఇస్తారని తెలియలేదు’ అంటే చాలు. సంబోధన మాత్రం ఎంచుకోవాలి. ‘కాలుడా’ అంటే శాపనార్థంలా ఉంటుంది. ‘కాలమా’ అంటే పద్యంలోని పిలుపు. ఆ అమ్మాయి తండ్రి గడియారాన్ని అతని చేతిలో పెడుతున్న ఘట్టం అది, నేనైతే ఏ సంబోధనా లేకుండా ‘మీరు’తోనే మొదలుపెడతాను.