టఫ్టింగ్ గన్‌తో చేస్తే ‘చేతి తివాచీ’ అనొచ్చా?

నయీంనగర్ అక్క:
మేడ మీద గదిలో రెండేళ్లుగా తివాచీలు చేస్తున్నాను. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి, వెనక నుంచి టఫ్టింగ్ గన్‌తో, అంటే మోటారు మీద సూది ఆడే చేతి మిషన్‌తో, దారం గుచ్చుతాను. అయ్యాక లేటెక్స్ జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ అతికించి, ముందు వైపు దారాన్ని సమంగా కత్తిరిస్తాను. 2×3 అడుగులదైతే రెండు రోజుల పని. మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో ‘చేతితో చేసిన వరంగల్ ఉన్ని తివాచీ’ అని బోర్డు పెట్టాను. ఒక పెద్దాయన వచ్చి తివాచీ తిరగేసి చూసి, “ఇది చెయ్యి చేసింది కాదమ్మా, మోటారు చేసింది” అని అందరి ముందే అనేసి పోయాడు. గన్ దానంతట అది నడుస్తదా? పట్టుకుని పట్టుకుని మణికట్టు వాచిపోతోంది నాకు. నేను రాసింది తప్పా?

కొత్తవాడ మగ్గం:
అక్కా, ఆయన మా వాడ మనిషే అయ్యుంటాడు. ముందు తిరగేసి చూడటం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ముడి తివాచీకి ముందున్న డిజైన్ వెనక కూడా కనిపిస్తుంది. మీదానికి వెనక గుడ్డ అతికించారు, అక్కడే దొరికిపోయారు.

మా తాత ముడులు వేసేవాడు. రెండు పడుగు (నిలువు) పోగుల చుట్టూ ఉన్ని తిప్పడం, కిందికి లాగడం, కత్తితో కోయడం. వరుస నిండాక పేక (అడ్డం దారం) పోసి, పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, గట్టిగా దింపడం. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు పోయిన వరంగల్ తివాచీలు అట్లా ఒక్కో ముడి వేసినవే. గిరాకీ లేక మా నాన్న దర్రీలకు మారాడు. దర్రీలో ముడి ఉండదు, నూలు పేకతోనే డిజైన్ వస్తుంది. 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కూడా వరంగల్ దర్రీలకే. నయీంనగర్‌లో చేశారు కాబట్టి వరంగల్ తివాచీ అంటే, మరి హన్మకొండ బేకరీలో చేసిన పిజ్జాని ఏమనాలి?

కరీంనగర్ కోడలు:
ఎందుకన్నా అంత కోపం? మిక్సీలో రుబ్బిన పచ్చడి ఇంటి పచ్చడి కాదా? మీ మగ్గం మీది పడుగు నూలు కూడా మిల్లు నుంచి వచ్చిందే కదా. పిల్లల్ని బడికి పంపాక ఆడవాళ్లు ఇంట్లోనే నాలుగు రూపాయలు సంపాదించుకుంటుంటే అడ్డం పడతారేంది?

కొత్తవాడ మగ్గం:
ఇంటి పచ్చడే చెల్లీ, ఎవరు కాదన్నారు? ‘రోటి పచ్చడి’ అని బోర్డు పెట్టి మిక్సీలో రుబ్బితేనే గొడవ.

లెక్కల మాస్టారు:
2×3 అడుగులంటే 864 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 40 ముడులు అనుకుంటే (ఇది ముతక రకమే) 34,560 ముడులు. నిమిషానికి ఆరు వేస్తే 96 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 12 రోజులు. అక్క రెండు రోజుల్లో చేసింది ఇంచుమించు అదే ధర పలికితే ఆ 12 రోజుల మనిషి ఏమైపోవాలి? పెద్దాయన కోపం దాని మీద అనుకుంటాను, గన్ మీద కాదు.

జనగామ గొంగడి:
గన్ సంగతి తర్వాత. బోర్డు మీద ‘ఉన్ని’ అని కూడా ఉంది కదా, అదెవరూ అడగరేం? అక్కా, ఒక పోగు తెంపి చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ (కృత్రిమ దారం) అయితే కరిగి నల్లటి గట్టి పూస అవుతుంది. వేడి పూస ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది. (ఎట్లా తెలుసని అడగొద్దు.)

నయీంనగర్ అక్క:
కాల్చాను. పూస. ఐదు రంగులూ పూసలే. షాపులో ‘ఉలెన్, ఉలెన్’ అంటూ ఇచ్చారు, నేనూ అదే రాశాను. పొద్దున్నుంచి తల కొట్టేసినట్టుంది.

జనగామ గొంగడి:
అందరూ అట్లనే పిలుస్తారు అక్కా, మీ ఒక్కరి తప్పు కాదు. అసలు ఉన్ని మా ఇంటి చుట్టూ ఉండేది. మేం కురుమలం, గొర్రెలు కాసేవాళ్లం. నల్ల దక్కనీ గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, ఏకి, మా నాయనమ్మ రాట్నం మీద వడికేది. పడుగుకి చింతగింజల గంజి పట్టించి గొంగడి నేసేవారు. 2017లో 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం వచ్చింది. మా ఊరికి వచ్చినవి నెల్లూరు రకం. మాంసానికి మంచివే, ఒంటి మీద మాత్రం బొచ్చు తప్ప ఉన్ని ఉండదు. ఉన్న నాలుగు నల్ల గొర్రెల ఉన్నిని అడిగేవాడు లేక పెంటకుప్ప మీద పారేస్తున్నారు. ముతక ఉన్ని, ఒంటికి గుచ్చుకుంటుంది. కాళ్ల కింద వేసే తివాచీకి ఆ ముతకే కావాలి.

కరీంనగర్ కోడలు:
గన్‌లో పడుతుందా మరి అది?

జనగామ గొంగడి:
చేతి వడుకు కదా, ఒకచోట లావు, ఒకచోట సన్నం. సూదిలో ఇరుక్కుంటుంది. ముడికైతే ఇబ్బంది లేదు.

కొత్తవాడ మగ్గం:
అక్కా, చిన్న ఫ్రేముకి పడుగు బిగించి పీట మీద వేసేంత ముక్క ముడులతో మొదలుపెట్టండి. పంజా మా ఇంట్లో ఖాళీగా పడి ఉంది, తీసుకుపోండి. గన్ తివాచీలు కూడా అమ్ముకోండి, పేరు మాత్రం మార్చండి.

నయీంనగర్ అక్క:
బోర్డు మార్చాను తమ్మీ: ‘టఫ్టింగ్ తివాచీ, అక్రిలిక్ దారం, హన్మకొండ’. నిన్న ఒకావిడ అది చదివి, “అయితే 200 తగ్గించండి” అంది. తగ్గించాను. జనగామ నుంచి రెండు కిలోల నల్ల ఉన్ని తెప్పించాను. ఇల్లంతా గొర్రె వాసన, మా ఆయన వరండాలో పడుకుంటున్నాడు. దీన్ని ఎట్లా కడగాలి?

జనగామ గొంగడి:
గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం. రాత్రి నానబెట్టి మెల్లగా పిండండి. వేడి నీళ్లలో వేసి గట్టిగా రుద్దారంటే అట్ట కడుతుంది, ఇక విడదీయలేరు. వాసన రెండో కడుగుకి పోతుంది, కొంచెం ఉంటుంది.