కాలిన్స్ ఆ సంతకం పెట్టి తప్పు చేశాడా?

గోదారిగట్టు:
రెండ్రోజులుగా ఐర్లాండ్ గురించే చదువుతున్నా, మనసు మనసులో లేదు. 1918 ఎన్నికల్లో స్వతంత్రం కావాలన్న సిన్ ఫెయిన్ పార్టీకి ఐర్లాండ్‌లోని 105లో 73 సీట్లు, తర్వాత రెండున్నరేళ్ళు బ్రిటన్ మీద గెరిల్లా యుద్ధం, ఇంతా చేసి 1921 డిసెంబర్ 6న లండన్‌లో ఐరిష్ ప్రతినిధులు మైకేల్ కాలిన్స్, గ్రిఫిత్ వాళ్ళు ఒప్పందం మీద సంతకం పెట్టి ఏం తెచ్చారయ్యా అంటే బ్రిటన్ రాజుకి విధేయంగా ఉంటామని ప్రమాణం చేసే ఫ్రీ స్టేట్ (బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉండే స్వయంపాలన). పైగా ఉత్తరాన ఆరు కౌంటీలు (జిల్లాల్లాంటివి) బ్రిటన్‌కే పాయె. దేశాన్ని ముక్కలు చేసింది ఆ సంతకమే అంటాను.

పాతపేపరు:
తేదీలు ఒకసారి చూడండి గురూగారూ. ఆ ఆరు కౌంటీలని వేరు చేసిన బ్రిటన్ విభజన చట్టం 1920లోనే వచ్చేసింది, 1921 జూన్ 22న రాజు ఐదో జార్జి స్వయంగా ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వెళ్ళి అక్కడి పార్లమెంటు మొదలెట్టాడు, కాల్పులు ఆగిందే జులై 11న. కాలిన్స్ లండన్ రైలెక్కేసరికే అక్కడ వేరు కాపురం పెట్టేశారు! ఇంకో వింత, ఆ ఒప్పందం మీద డాయిల్‌లో (ఐరిష్ పార్లమెంటు) అన్ని రోజులు కొట్టుకున్నారా, విభజన ఊసు తక్కువ, గోలంతా ప్రమాణం గురించే. చివరికి 64–57తో నెగ్గింది.

డబ్లిన్‌బాబాయ్:
నాకు అప్పటి ఐరిష్ అధ్యక్షుడు డి వలేరా మీదే కోపం. తను లండన్ వెళ్ళకుండా కాలిన్స్‌ని పంపాడు, తెచ్చినదాన్ని కాదన్నాడు, 1922 జూన్ నుంచి 1923 మే దాకా నిన్నటిదాకా కలిసి పోరాడినవాళ్ళే కాల్చుకున్నారు, ఫ్రీ స్టేట్ ప్రభుత్వం 77 మందికి మరణశిక్ష వేసి అమలు చేసింది, కాలిన్స్ ఆగస్టు 22న సొంత కార్క్ కౌంటీలోనే పోయాడు. తీరా 1927లో ఈ డి వలేరానే ఉత్త లాంఛనం అంటూ అదే ప్రమాణం పుస్తకంలో సంతకం పెట్టి సభలోకి వెళ్ళాడు. ఆ ముక్క ఐదేళ్ళ ముందు అనుంటే?
(సందర్భం కాదు గానీ మన వి.వి.గిరి గారు 1916 తిరుగుబాటు టైంలో ఇక్కడ డబ్లిన్‌లోనే లా చదువుతున్నారు.)

గోదారిగట్టు:
సరే, తేదీల దగ్గర దొరికిపోయా. కానీ ఆ ఒప్పందంలో 12వ ఆర్టికల్ సంగతేంటి? బౌండరీ కమిషన్ జనం ఇష్టాన్ని బట్టి సరిహద్దు సరిచేస్తుంది అని ఆశ పెట్టారు, ఆ ఆరింట్లో ఫెర్మానా, టైరోన్‌లలో నేషనలిస్టులే (ఐర్లాండ్‌తో ఉండాలనేవాళ్ళే) ఎక్కువ కాబట్టి అవి మనకే వస్తాయి అనుకున్నారు. అదే ఆర్టికల్‌లో ఆర్థిక, భౌగోళిక పరిస్థితులకి లోబడి అనే తోక కూడా ఉంది, అది చదవకుండానే సంతకం పెట్టారా?

పాతపేపరు:
ఆ తోకే ముంచింది, ఒప్పుకుంటా. 1925లో ఆ కమిషన్ రిపోర్టు పేపర్‌కి లీకైతే తెలిసింది, వచ్చేది కొంచెమే, పైగా ఫ్రీ స్టేట్‌లోని తూర్పు డోనెగాల్‌లో కొంత ఎదురివ్వాలట. డబ్లిన్‌లోని ఫ్రీ స్టేట్ ప్రభుత్వం హడలిపోయి డిసెంబర్ 3న ఉన్న సరిహద్దే ఖాయం అని రాసిచ్చింది, బదులుగా బ్రిటన్ అప్పులో తమ వాటా రద్దు చేయించుకుంది. మీరు తిట్టాల్సిన సంతకం ఇది. అది పెట్టింది కాస్‌గ్రేవ్ ప్రభుత్వం, కాలిన్స్ పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది.