అప్‌డేట్: హామ్ రేడియో 2 మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ దగ్గర) బేస్ యాంటెన్నా – కేబుల్ మారిస్తే సరిపోయింది

మేడ మీద ఉన్న పాత గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నాతో (నిలువు కడ్డీ, దాని అడుగున చుట్టూ రేడియల్స్ అనే కడ్డీలు) దూరపు రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని తిరిగి దూరానికి పంపే స్టేషన్) అందడం లేదని, దాని బదులు పొడవాటి కొలీనియర్ (ఎక్కువ గెయిన్ ఉన్న, అంటే సిగ్నల్‌ను ఇంకా బలంగా పంపే యాంటెన్నా) కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు కేబుల్ చూడండి" అన్నవారి మాటే నిజమైంది.

మా ఊళ్లో ఉన్న సీనియర్ హామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటర్) ఒకాయన వచ్చి, ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే కొలత; 1కి దగ్గరగా ఉంటే మంచిది) చూపే మీటరును పైకి తీసుకెళ్లి యాంటెన్నా దగ్గరే పెట్టి చూశారు. కింద రేడియో దగ్గర 1.2 చూపించే ఎస్‌డబ్ల్యుఆర్ అక్కడ 2 దాటింది! తిరిగొచ్చే పవర్‌ను కూడా కేబులే మింగేస్తుంటే కింద రీడింగ్ బాగానే కనిపిస్తుందట. కనెక్టర్ విప్పితే లోపల రాగి అల్లిక పచ్చబడి, చెమ్మగా ఉంది. రేడియల్స్ బిగించిన నట్లు తుప్పు పట్టాయి, అవి గీకి బిగించాం.

నాది 30 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్నటి కేబుల్. కొత్తదైనా సరే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర అంత పొడవుకి సుమారు 6 డీబీ (డెసిబెల్) పోతుంది. అంటే నాలుగింట మూడు వంతుల పవర్ దారిలోనే వేడిగా మారిపోతుంది. దాని బదులు నష్టం తక్కువుండే మందపాటి ఎల్‌ఎంఆర్-400 కేబుల్ వేస్తే నష్టం 1.5 డీబీకి దిగింది. అదే యాంటెన్నాతో ఇప్పుడు రిపీటర్ శుభ్రంగా తెరుచుకుంటోంది (నా సిగ్నల్‌కు స్పందిస్తోంది).

కొలీనియర్ గెయిన్ లెక్కల అవసరమే రాలేదు. సీబీ (సిటిజన్స్ బ్యాండ్ రేడియో) యాంటెన్నా వాడమని కొందరిచ్చిన సలహా కూడా నాకు పనికిరాదు. దాని 27 మెగాహెర్ట్జ్ విప్‌ను (నిలువు కడ్డీని) కాస్త కత్తిరిస్తే 10 మీటర్ల బ్యాండ్‌కు (28 మెగాహెర్ట్జ్ దగ్గర) వాడుకోవచ్చు, 2 మీటర్ల బ్యాండ్‌కు కాదు.

పైన కనెక్టర్‌కి సాగే రబ్బరు టేపు, దాని మీద మామూలు టేపు తప్పకుండా చుట్టండి.