బుసాన్ చిత్రోత్సవాన్ని నిలబెట్టింది సర్కారు సొమ్మా, సినిమావాళ్ల పట్టుదలా?

పానగల్లు ప్రేక్షకుడు (నల్లగొండ):
దక్షిణ కొరియాలోని బుసాన్‌లో 1996 సెప్టెంబరులో మొదలైన చిత్రోత్సవం ఆసియా సినిమాకు ఇంత పెద్ద వేదిక కావడానికి ఆ నగరం పెట్టిన డబ్బే కారణమని నా అభిప్రాయం. నాంపో ప్రాంతపు థియేటర్లలో 31 దేశాల సినిమాలతో ఆరంభమైన ఉత్సవానికి 2011లో సొంత భవనం వచ్చింది. టికెట్ల రాబడితో అంతటి కట్టడం లేచేది కాదు. మన ఢిల్లీలో సినీ విమర్శకురాలు అరుణా వాసుదేవ్ 1999లో ప్రారంభించిన సినీఫ్యాన్ అనే ఆసియా చిత్రోత్సవం మాత్రం 2004లో ఓసియాన్ అనే ప్రైవేటు కళాసంస్థ చేతికి వెళ్లి, ఆ సంస్థ అప్పులపాలయ్యాక 2012తో ఆగిపోయింది. నల్లగొండలో ఆసియా సినిమాల పండుగ పెడదామంటున్న మిత్రులు ఈ తేడాను గమనించాలి.

పాలమూరు పాతరీలు (మహబూబ్‌నగర్):
మీరు 2014ను దాటవేశారు. సెవోల్ ఓడ మునిగి 304 మంది మరణించిన ఘటనపై తీసిన డాక్యుమెంటరీని వేయవద్దని, హోదారీత్యా ఉత్సవ సంఘానికి అధ్యక్షుడైన మేయరే పట్టుబట్టాడు. నిర్వాహకులు లెక్కచేయకుండా ప్రదర్శించారు. మరుసటి ఏడాది గ్రాంటు 146 కోట్ల వాన్‌ల (కొరియా కరెన్సీ) నుంచి 80 కోట్లకు పడిపోయింది, ఆపై డైరెక్టర్ లీ యోంగ్‌క్వాన్ పదవి పోయింది, 2016లో కొరియా సినిమా సంఘాలు బహిష్కరణ ప్రకటించాయి.

పానగల్లు ప్రేక్షకుడు:
ఆ గ్రాంటును తగ్గించింది జాతీయ చలనచిత్ర మండలి, నగరం కాదు. నేను మాట్లాడింది నగరం డబ్బు గురించి.

దేవరకొండ దారి:
ఎవరు తగ్గించినా కోత కోతే కదా సార్.

పాలమూరు పాతరీలు:
మా ఊళ్లో ఒక సర్కారీ సభామందిరానికి అద్దె కట్టి, ఇరాన్ సినిమా వేస్తున్నామని గోడలకు కాగితాలు అంటించాక, ముందురోజు సాయంత్రం ఎవరో నాయకుడి సమావేశం ఉందంటూ తాళం వేశారు. ప్రొజెక్టరును ఆటోలో వెనక్కి తెచ్చుకున్నాం. కట్టిన అద్దె ఈనాటికీ రాలేదు.

పానగల్లు ప్రేక్షకుడు:
మీ ఆటో కిరాయిని బుసాన్ చరిత్రగా చెప్పకండి. చందా కోసం క్లాక్ టవర్ చుట్టూ దుకాణాల మెట్లెక్కి, "మా బ్యానర్ ఎంత పెద్దగా వేస్తారు" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకునేది నేను, మీరు కాదు.

పాలమూరు పాతరీలు:
అయితే సూటిగా అడుగుతాను. మీరు స్థానిక నాయకుడిని గౌరవాధ్యక్షుడిగా పెట్టుకుంటున్నారన్న మాట నిజమేనా? సర్కారు డబ్బు తీసుకోవడంపై నాకు పేచీ లేదు. ఏ సినిమా వేయాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే నా ప్రశ్న. బుసాన్‌లో కూడా నియమావళి మార్చి, మేయర్ కుర్చీలో 2016లో కిమ్ డాంగ్‌హోను కూర్చోబెట్టాకే ఉత్సవం ఒక దారికి వచ్చింది.

పానగల్లు ప్రేక్షకుడు:
నిజమే, పెట్టుకుంటున్నాము. మీరు చెప్పే కిమ్ డాంగ్‌హో ఎవరు? ఒకప్పటి సాంస్కృతిక శాఖ ఉపమంత్రి, మొదటి ఏడాది నుంచి 2010 దాకా ఉత్సవాన్ని నడిపిన మనిషి. ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో తెలిసినవాడు కాబట్టే నెట్టుకొచ్చాడు.

పాలమూరు పాతరీలు:
తెలిసినవాడే, కానీ సినిమాల ఎంపికను ఎంపిక చేసేవారికే వదిలాడు. ఆ ఒక్క షరతు మీ దరఖాస్తులో రాయండి, మేమూ వస్తాము.

పానగల్లు ప్రేక్షకుడు:
రాస్తే హాలు ఇవ్వరు. సోమవారం దరఖాస్తు ఇస్తున్నాను. సినిమాల జాబితా మాత్రం దానికి జతచేయడం లేదు.

దేవరకొండ దారి:
వాళ్లు అడిగితే?